బల్బు ఎప్పుడూ స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు మాడిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నెల రోజుల్లో మూడు పాతరకం తీగ బల్బులు పోయాయి. మూడూ స్విచ్ వేసిన క్షణంలోనే ఠప్పుమని పోయాయి. లోపం స్విచ్చుదా, బల్బులదా? ఎక్కడో నూరేళ్లు దాటినా వెలుగుతున్న బల్బు ఉందంటారు కదా, మరి ఇవి వెయ్యి గంటలకే పోయేలా కంపెనీలే చేశాయా?

నేను బల్బుల ఆయుష్షు పరీక్షించే బెంచీల దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. వరసగా వందల బల్బులు వెలిగించి, ఏది ఎన్ని గంటలకు పోయిందో రాసుకోవడమే నా ఉద్యోగం. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందుగా పొట్టి జవాబు. స్విచ్చుది తప్పు కాకపోవచ్చు. లోపలి తీగ వెలిగినన్నాళ్లూ కొంచెం కొంచెంగా ఆవిరైపోతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట బాగా సన్నబడుతుంది. స్విచ్ వేయడం దానికి ఆఖరి తోపు, అంతే. వానకు నానిన గోడ గాలికి కూలితే గాలిని తిట్టుకున్నట్టు మనం స్విచ్చును తిట్టుకుంటాం.

మీ దగ్గర మల్టీమీటర్ ఉంటే చిన్న పని చేసి చూడండి. బాగున్న 60 వాట్ల, 230 వోల్టుల బల్బు తీసుకుని దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, కొలవండి. 60, 70 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. 230ని 230తో హెచ్చవేసి 60తో భాగిస్తే, అంటే వోల్టుల నుంచి, వాట్ల నుంచి రెసిస్టెన్స్ లెక్కగడితే, 880 ఓమ్‌లు దాటుతుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు ఈ తేడా చూసి మీటరు పాడైందనో, బల్బు షార్ట్ అయిందనో అనుకునేవాళ్లు. రెండూ కాదు. లెక్కలో వచ్చింది వెలుగుతున్న బల్బు రెసిస్టెన్స్, మీటరు చూపించింది చల్లగా ఉన్న బల్బు రెసిస్టెన్స్. వెలిగేటప్పుడు తీగ వేడి సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్. లోహం వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. బల్బు తీగను చేసేది టంగ్‌స్టన్ అనే లోహంతో. అది అంత వేడికి వెళ్లేసరికి దాని రెసిస్టెన్స్ పదమూడు పద్నాలుగు రెట్లు అవుతుంది.

అంటే వెలుగుతున్నప్పుడు పావు ఆంపియరు తీసుకునే బల్బు, స్విచ్ వేసిన క్షణంలో మూడు ఆంపియర్లకు పైనే లాగుతుంది. సెకనులో చిన్న వంతు మాత్రమే ఈ దూకుడు. తీగ మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉంటే అంతా ఒకేసారి వేడెక్కి, రెసిస్టెన్స్ పెరిగి, కరెంటు దానంతటదే తగ్గుతుంది. బాగున్న తీగకు ఇదొక పెద్ద దెబ్బ కాదు. కానీ ఒకచోట సన్నబడి ఉంటే కథ మారుతుంది. ఆ చోట లోహం తక్కువ, రెసిస్టెన్స్ ఎక్కువ. కాబట్టి మిగతా తీగ కంటే ముందే వేడెక్కుతుంది. మిగతా తీగ ఇంకా చల్లగానే ఉంది కనుక కరెంటును అడ్డుకోదు. ఆ భారమంతా ఆ ఒక్క చోట పడి, రోజూ తట్టుకునే వేడిని దాటిపోయి అక్కడ కరిగి తెగుతుంది.

ఆ నీలపు మెరుపు, ఠప్ శబ్దం ఏమిటంటారా? తీగ తెగిన సందులో ఒక చిన్న ఆర్క్, అంటే ఖాళీలోంచి దూకే కరెంటు మెరుపు, పుడుతుంది. లోపలున్న వాయువులో అది తీగ పొడవునా పాకి, తీగను మోసే రెండు కాళ్ల మధ్యకు వచ్చేస్తే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. బల్బు పోయినప్పుడు కొన్నిసార్లు బ్రేకర్ కూడా పడిపోవడం ఇందుకే. దీన్ని ఆపడానికే మంచి బల్బుల్లో ఆ కాళ్లకు కరెంటు తెచ్చే తీగలోనే సన్నని ఫ్యూజు ముక్క ఒకటి పెడతారు. నింపే ఆర్గాన్ వాయువులో కొంత నైట్రోజన్ కలిపేది కూడా ఆర్క్‌ను అణచడానికే.

అన్నట్టు, పోయిన బల్బును మెల్లగా ఊపి, తెగిన కొనలు ఒకదానికొకటి అంటుకునేలా చేసి మళ్లీ వెలిగించడం చాలామంది చేసే విద్య. మునుపటి కంటే ఎక్కువ వెలుగు ఇచ్చేసరికి సంబరపడతారు. తీగ పొడవు తగ్గింది కనుక కరెంటు ఎక్కువ పోతోంది, వేడి ఎక్కువ, వెలుగూ ఎక్కువే. రేపో మాపో మళ్లీ పోతుంది.

ఇక టంగ్‌స్టనే ఎందుకు అనే సంగతి. ఇది నాకు ఇష్టమైన విషయం, కొంచెం ఎక్కువ మాట్లాడితే ఏమీ అనుకోకండి.

"ఎక్కువ వేడికి కరగని లోహం కాబట్టి" అని బడిలో చెబుతారు. నిజమే, 3,422 డిగ్రీల దాకా కరగదు, లోహాలన్నిటిలో అదే ఎక్కువ. కానీ కరగకపోవడమే అర్హత అయితే అంతకుముందు వాడిన కార్బన్ ఇంకా గొప్పది, మామూలు పీడనంలో అది కరగనే కరగదు. దాని ఇబ్బంది ఆవిరి. వేడి పెంచితే కార్బన్ తొందరగా ఆవిరై గాజును నల్లగా చేసేస్తుంది. అందుకే కార్బన్ తీగను 1,800 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచాల్సి వచ్చేది. అంత తక్కువ వేడిలో ఎర్రని గుడ్డి వెలుగే వస్తుంది, వాట్‌కు మూడు ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క). వేడి వస్తువు ఇచ్చే వెలుగు సంగతి ఇంతే, ఒక వంద డిగ్రీలు పెరిగితే కంటికి తెలిసేంత తేడా వస్తుంది. కాబట్టి ఎవరు వెతికినా వెతికింది ఎక్కువ వేడిలోనూ తక్కువ ఆవిరయ్యే పదార్థం కోసమే.

మొదట దారి చూపినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. ఆస్మియం అనే అరుదైన లోహంతో తీగ చేసి 1898లో పేటెంట్ తీసుకున్నాడు. ఆస్మియాన్ని తీగగా లాగలేం, పెళుసు. పొడిని జిగురుతో ముద్దచేసి, సన్నని రంధ్రంలోంచి సేమియాలా వత్తి, కాల్చేవాళ్లు. వేడికి మెత్తబడి వంగిపోయేది కాబట్టి బల్బును తలకిందులుగానే వేలాడదీయాలి. పైగా అది దొరికేదే కొంచెం. తరువాత బెర్లిన్‌లో సీమెన్స్ అండ్ హాల్‌స్కేలో వెర్నర్ ఫాన్ బోల్టన్, ఒట్టో ఫాయర్‌లైన్ టాంటలం అనే లోహంతో తీగ చేశారు, 1905లో అది అమ్మకానికి వచ్చింది. టాంటలం చక్కగా తీగ సాగుతుంది. కానీ దాని రెసిస్టెన్స్ తక్కువ కావడంతో 110 వోల్టుల బల్బుకే అరమీటరు దాటిన తీగ పట్టేది. దాన్ని పైన కొన్ని, కింద కొన్ని కొక్కేలు పెట్టి, మగ్గానికి నూలు చుట్టినట్టు పైకీ కిందికీ తిప్పేవాళ్లు. ఏసీ కరెంటు మీద మాత్రం త్వరగా పెళుసెక్కి తెగిపోయేది.

టంగ్‌స్టన్ తీగకు మొదటి పేటెంట్ 1904లో, షాండోర్ యుస్ట్, ఫ్రాన్యో హనమాన్ అనే ఇద్దరిది. టంగ్స్‌రామ్ అనే హంగేరీ కంపెనీ ఆ బల్బులు చేసింది. వెలుగు బ్రహ్మాండం, కార్బన్‌కు రెట్టింపు దాటింది. కానీ అదీ ముద్ద వత్తి చేసిన తీగే. బల్బు చేతిలోంచి జారనక్కర్లేదు, బల్ల మీద కాస్త గట్టిగా పెడితే చాలు, లోపల తీగ పుటుక్కుమనేది. (ఆస్రామ్ అనే బల్బుల కంపెనీ పేరు ఆ రోజులదే. ఆస్మియంలో ముందు సగం, టంగ్‌స్టన్‌కు జర్మన్ పేరైన వోల్‌ఫ్రామ్‌లో చివరి సగం.)

ఇక్కడ వచ్చాడు విలియం కూలిడ్జ్, అమెరికాలో షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో. మామూలుగా లోహాన్ని కొడుతూ, లాగుతూ పోతే గట్టిపడి పెళుసవుతుంది. అప్పుడు ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. కమ్మచ్చులో, అంటే రంధ్రాల పలకలోంచి, బంగారు తీగ లాగేవాళ్లు కూడా మధ్యమధ్యలో కాల్చేది ఇందుకే. టంగ్‌స్టన్ దీనికి పూర్తిగా ఎదురు. బాగా కాల్చి వదిలితే పెళుసవుతుంది, కొట్టే కొద్దీ వంగే గుణం వస్తుంది! టంగ్‌స్టన్ పొడిని అచ్చులో నొక్కి కడ్డీ చేసి, హైడ్రోజన్ వాయువులో కరెంటు పంపి కాల్చి గట్టిపరుస్తారు. ఆ కడ్డీని వేడి మీదే, చుట్టూ తిరిగే చిన్న సుత్తులతో గంటలకొద్దీ కొట్టి సన్నబరుస్తారు. ఒక్కో దశలో వేడి కొంచెం కొంచెం తగ్గిస్తారు. కొట్టే కొద్దీ లోహంలోని గుళ్లు, అంటే లోహం లోపలి చిన్న చిన్న స్ఫటికాలు, సాగి, పీచులు పేనిన తాడులా మారతాయి. చివరికి వజ్రపు రంధ్రాల్లోంచి లాగితే చల్లగా ఉన్నప్పుడు కూడా వేలికి చుట్టుకోగలిగే తీగ వస్తుంది. 1910 నాటికి ఇది కుదిరింది. 1913లో ఇచ్చిన పేటెంట్‌ను 1928లో అమెరికా కోర్టు కొట్టేసింది, వంగడం టంగ్‌స్టన్‌కు స్వతహాగా ఉన్న గుణమే, ఈయన సృష్టించింది కాదని. చట్టం సంగతి లాయర్లు చూసుకోవాలి గానీ, ఆ కడ్డీలు పగలడం కళ్లారా చూసిన నాకు ఆ తీర్పు మింగుడుపడదు.

ఎంత సన్నని తీగో తెలుసా? మీ 60 వాట్ల బల్బులో తీగ మందం సుమారు 0.03 మిల్లీమీటర్లు, వెంట్రుక కంటే సన్నం. చుట్టలు విప్పి సాగదీస్తే దాదాపు మీటరు పొడవు వస్తుంది.

అయితే ఇక్కడొక చిక్కు మిగిలింది. బల్బు వెలిగిన మొదటి గంటల్లోనే ఆ వేడికి పీచులన్నీ కరిగి కలిసిపోయినట్టు మళ్లీ పెద్ద గుళ్లుగా మారతాయి. గుండు తరువాత గుండు పేర్చిన పూసల దండలా అయి, కీళ్ల దగ్గర జారి తీగ వేలాడుతుంది. 1917లో జనరల్ ఎలక్ట్రిక్‌లోనే పనిచేసిన అలాదార్ పాట్స్ దీనికి మందు కనిపెట్టాడు. టంగ్‌స్టన్ పొడి దశలోనే పొటాషియం, సిలికా లాంటివి అతి కొంచెం కలిపాడు. తీగలో పొటాషియం బుడగలు, కంటికి కనిపించనంత చిన్నవి, వరసల్లో నిలిచిపోతాయి. గుళ్లు అడ్డంగా పెరగకుండా అవి కట్టడి చేస్తాయి. అప్పుడు గుళ్లు పొడుగ్గా పెరిగి, వడ్రంగి వేసే అతుకుల్లా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి, జారవు. అయినా పెళుసుతనం పోదు. కొత్త బల్బు పగలగొట్టి తీగ వంచితే వంగుతుంది, వాడిన బల్బులోదైతే గాజుపుల్లలా విరుగుతుంది. అదిరే చోట్ల, యంత్రాల పక్కన బల్బులు త్వరగా పోవడానికి కారణం ఇదే.

"లోపల శూన్యం ఉంటుంది కదా" అని మీరు రాశారు. చిన్న బల్బుల్లోనే, 15, 25 వాట్ల రకాల్లోనే శూన్యం. పెద్దవాటిలో వాయువు ఉంటుంది. 1913లో ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ ఈ మార్పు తెచ్చాడు. ఆయనా అదే ప్రయోగశాల మనిషే. అప్పటిదాకా అందరూ బల్బు నల్లబడుతోందంటే శూన్యం సరిగ్గా కుదరలేదని, ఇంకా గట్టిగా గాలి పీల్చాలని తంటాలు పడేవాళ్లు. ఆయన మాత్రం వేరేలా చూశాడు. మిగిలిన గాలిలో అసలు దొంగ నీటి ఆవిరి అని తేల్చాడు. వేడి తీగ దగ్గర నీరు విడిపోతుంది. ఆక్సిజన్ తీగలోంచి టంగ్‌స్టన్‌ను పట్టుకుపోయి గాజు మీద దించుతుంది. హైడ్రోజన్ వెనకాలే వచ్చి ఆ ఆక్సిజన్‌ను విడిపిస్తుంది. మళ్లీ నీరు. ఇటుకలు మోసే కూలీలా ఆ కొంచెం తేమే అలుపు లేకుండా తిరుగుతూ తీగను గాజు మీదికి చేరవేస్తుంది. అందుకే తయారీలో గాజును బాగా కాల్చి తేమ తీసేస్తారు, లోపల ఫాస్ఫరస్ లాంటివి పూసి మిగిలినదాన్ని పట్టేస్తారు.

తేమ పోయినా టంగ్‌స్టన్ దానంతటదే ఆవిరవడం ఆగదు. దానికి ఆర్గాన్ వేసి ఒత్తిడి పెడితే, ఎగిరిన అణువుల్లో చాలావరకు వాయువుకు తగిలి వెనక్కి వస్తాయి. కానీ వాయువు తీగను చల్లారుస్తుంది కూడా. దీనికి ఆయన విరుగుడు తీగను స్ప్రింగులా చుట్టడం. తీగను అంటుకుని ఒక కదలని వాయువు పొర ఉంటుందని, వేడి నష్టం ఎక్కువగా తీగ పొడవును బట్టే ఉంటుందని ఆయన గమనించాడు. చుడితే పొడుగు తీగ పొట్టి, లావు తీగలా నడుచుకుంటుంది. 1930లలో చుట్టినదాన్నే మళ్లీ చుట్టారు. బల్బులో మీకు కనిపించే స్ప్రింగులో ఒక్కో చుట్టూ ఇంకో చిన్న స్ప్రింగే, భూతద్దంలో చూడండి. 15, 25 వాట్ల బల్బుల్లోని మరీ సన్నని తీగ విషయంలో ఈ లాభం కూడా నష్టానికి సరిపోదు కనుక చిన్న బల్బులు శూన్యంతోనే ఉండిపోయాయి. లాంగ్‌ముయిర్‌కు 1932లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఉపరితలాల మీద చేసిన పనికి. ఆ పనికి బీజం ఈ బల్బుల్లోనే పడింది.

ఇక అసలు అనుమానం, వెయ్యి గంటల కుట్ర.

కుట్ర నిజమే. 1924 చివర జెనీవాలో పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ అనే పేరుతో ఒక కూటమి కట్టాయి. అందులో ఆస్రామ్, ఫిలిప్స్, టంగ్స్‌రామ్ లాంటివి ఉన్నాయి. మార్కెట్లు పంచుకున్నాయి, బల్బు ఆయుష్షు వెయ్యి గంటలుగా నిర్ణయించాయి, అంతకంటే ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా వేశాయి. రెండో ప్రపంచ యుద్ధంతో అది ముగిసింది. వాళ్లను నేను వెనకేసుకురాను.

కానీ వెయ్యి అనే అంకె వాళ్ల దురాశలోంచి మాత్రమే పుట్టిందంటే ఒప్పుకోను. తీగను కొంచెం చల్లగా నడిపితే ఎక్కువకాలం ఉంటుంది, అది ఏ బల్బు తయారీదారుడికైనా చిటికెలో పని. మూల్యం వెలుగులో చెల్లించాలి. వోల్టేజీ 7 శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. వెలుగు మాత్రం 22 శాతం పడిపోతుంది, కరెంటు ఖర్చు తగ్గేది 11 శాతమే. అంటే అదే వెలుగు కావాలంటే మీరు ఇంకా పెద్ద బల్బు వేసి ఎక్కువ కరెంటు కాల్చాలి. 60 వాట్ల బల్బు వెయ్యి గంటల్లో 60 యూనిట్లు తింటుంది. ఆ ఖర్చు ముందు బల్బు ధర ఏపాటి? 1951లో బ్రిటన్ గుత్తాధిపత్య విచారణ సంఘం కూటమి వ్యవహారాలన్నీ తవ్వి చూసి కూడా, ఏ అవసరానికైనా సరిపోయే ఒకే ఆయుష్షు అంటూ లేదని, వెయ్యి గంటలు సబబైన రాజీయేనని రాసింది.

నేనూ ఒకసారి తెలివి చూపించాను. మెట్ల దగ్గరి బల్బుకు వరసలో ఒక డయోడు (కరెంటును ఒక వైపుకే పోనిచ్చేది) పెట్టాను, సగం తరంగమే వెళ్లేలా. బల్బు ఏళ్ల తరబడి పోలేదు. కాకపోతే వాట్లు సగం పైనే ఖర్చవుతుంటే వెలుగు మూడో వంతుకు పడింది, అదీ వణుకుతూ. ఒకరోజు మెట్టు కనపడక నేనే జారాను. డయోడు పీకేశాను.

నూరేళ్ల బల్బు సంగతి కూడా అంతే. అది కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి ఉంది. అందులో ఉన్నది కార్బన్ తీగ, లోహపు తీగ కాదు. ఇప్పుడది సుమారు 4 వాట్ల మీద, నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతోంది. పైగా దాన్ని దాదాపు ఎప్పుడూ ఆర్పరు. దాని వెలుగులో పేపరు చదవమంటే చదవలేరు.

ఇప్పుడు మీ మూడు బల్బులు. ఒకే నెలలో మూడు పోయాయంటే నా అనుమానం మొదట వోల్టేజీ మీద. లైనులో 5 శాతం ఎక్కువ వస్తే ఆయుష్షు సగానికి పడిపోతుంది, వెలుగు కొంచెం పెరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సాయంత్రం, అర్ధరాత్రి దాటాక, రెండుసార్లు మీటరు పెట్టి చూడండి. మూడూ ఒకే హోల్డర్‌లో పోయి ఉంటే హోల్డర్ వదులైందేమో చూడండి, లోపల చిటపటలాడుతుంటే బల్బుకు రోజంతా స్విచ్ వేసి తీసినట్టే. అలాగే మూడూ ఒకేసారి కొని, ఒకేసారి పెట్టి ఉంటే దగ్గర దగ్గరగా పోవడంలో వింతేమీ లేదు.

హాలోజెన్ బల్బు వేసుకోవచ్చా అన్నారు. వేసుకోవచ్చు. అందులో బ్రోమిన్ లేదా అయోడిన్ ఆవిరి, గాజు మీద చేరబోయిన టంగ్‌స్టన్‌ను పట్టుకుని తీగ వైపు తిరిగి తెస్తుంది. సన్నబడిన చోటే తిరిగి అతుకుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు, చల్లని చోట్ల ఎక్కువ చేరుతుంది. లాభమల్లా గాజు శుభ్రంగా ఉండటం, చిన్న బుడ్డిలో వాయువు ఒత్తిడి బాగా పెంచగలగడం. లోపలి చిన్న బుడ్డి బయటికే ఉండే రకమైతే దాన్ని చేత్తో ముట్టుకోకండి, చెమటలోని ఉప్పు ఆ వేడికి ఆ బుడ్డి క్వార్ట్జ్ గాజును చెడగొడుతుంది.

పోయిన మూడు బల్బులు ఇంకా పారేయకపోతే భూతద్దంతో చూసి చెప్పండి. తెగిన కొనల్లో చిన్న గుండ్రని బొట్టు ఉంటే కరిగి తెగిందన్నమాట, పైన చెప్పిన మామూలు చావే. కొనలు పదునుగా, విరిచినట్టు ఉంటే అదురు వల్ల పోయింది. గాజు పైభాగం నల్లబడి ఉంటే బల్బు తన ఆయుష్షు తీరా వెలిగే పోయింది. లోపల తెల్లని లేదా పసుపు పొడి పూసినట్టుంటే మాత్రం ఎక్కడో చీలి గాలి చొరబడింది, అది తయారీ లోపం, కొన్న దుకాణంలోనే మార్చి ఇమ్మని అడగండి.